మంత్రిగారి తేదీ

ఇకమీదట పడమటి ప్రకాశంలో ఒక్క నీటిచుక్క కూడా ఫోనుకు తెలియకుండా నేలమీద పడబోదని మంత్రిగారు మార్కాపురంలో ప్రకటించారు. పథకం పేరు ‘జల సమన్వయం’. ట్యాంకరు డ్రైవరు ఊళ్లో నీళ్లు పోస్తూ తన ఫోనుతో ఫోటో తీస్తాడు. ఆ ఫోటో నీళ్ల ఆఫీసు కంప్యూటర్‌లోకి చేరుతుంది. చేరగానే ఆ ఊరి పేరు పక్కనున్న ఎర్రచుక్క పచ్చచుక్క అవుతుంది. పచ్చచుక్క పడిన ఊరికే మళ్లీ ట్యాంకరు వెళ్తుంది. అంతకుముందు నీళ్లు అయిపోయిన ఊరికి ట్యాంకరు వెళ్లేది. ఆ మోటు పద్ధతికి ఆ రోజుతో స్వస్తి చెప్పారు.

మంత్రిగారు కంప్యూటర్ బల్లమీదే కొబ్బరికాయ కొట్టారు. హస్తవాసి మంచిది కావడంతో కాయ ఒక్క దెబ్బకే పగిలి, నీళ్లన్నీ కీబోర్డులోకి దిగాయి. జల సమన్వయం కింద పారిన మొదటి నీళ్లు అవే. వాటికి ఫోటో కూడా ఉంది.

ఆ కీబోర్డు బదులు కొత్తది తెచ్చి తగిలించినవాడు బాలసుబ్రహ్మణ్యం. నీళ్ల ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా ఆయన దుకాణం. ఆయన నాయన అక్కడే పలకలు అమ్మేవాడు. ఇప్పుడు ఆయన ఫోన్లు, కంప్యూటర్లు అమ్ముతాడు, బాగుచేస్తాడు. అప్పుడైనా ఇప్పుడైనా రాసి చెరిపేసే వస్తువులే కాబట్టి వ్యాపారం మారిందని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. దుకాణం ముందు వేపకొమ్మల పందిరి కింద పెద్ద మట్టికుండతో ఒక చలివేంద్రం ఉంటుంది. అది భార్య వాసవి మొదలుపెట్టింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమె కొన్న కుండే ఇంకా నడుస్తోంది. పొద్దున్నే దాని చుట్టూ తడిగుడ్డ చుట్టడంతో ఆయన రోజు మొదలవుతుంది.

పథకం మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం ఆ కుండ దగ్గర ఒక ఆటో ఆగింది. అందులోంచి రెండు ఖాళీ డ్రమ్ములు దిగాయి, వాటి వెనక ఆదెమ్మ దిగింది. ఆదెమ్మది పలకలగుట్ట. గొర్లు కాచుకునే ముప్పై కొంపల పల్లె. ఒకప్పుడు పలకరాయి తవ్వి వదిలేసిన గుంటలు తప్ప అక్కడ వేరే నీటివనరు లేదు.

ఆమె రెండు గ్లాసులు తాగి, మూడోది మొహాన చల్లుకుని, “సెట్టీ, నీళ్లాఫీసు ఇదేనా?” అంది.

“ఆ ఎదురుగ ఉండేదేనక్కా. ఏంది సంగతి?”

“పంతం పట్టినట్టు ట్యాంకరు రాకుండా పోయినాది. శుక్రవారం వచ్చినాడు ఆదిశేషు. నీళ్లు పోసినాడు, ఫోటో తీసినాడు. మల్లా పత్తా లేడు. మా కోడలు కావ్య బాలింత. బిడ్డకు స్నానం పోసేదానికీ, తల్లి తాగేదానికీ గుంటనీళ్లే కాస్తుండా. ఎంత కాచినా పచ్చంగనే ఉండాయి.”

బాలసుబ్రహ్మణ్యం ఆమెను ఆఫీసు ఇంజనీరు, ఏఈ లక్ష్మీకాంత్ గారి దగ్గరకు తీసుకెళ్లాడు. ఏఈ గారు మర్యాదస్తుడు. ఆమెను కూర్చోమని చెప్పి, కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పి చూపించారు. ఏ అధికారి ఇంత పారదర్శకంగా ఉంటాడు?

“చూడమ్మా. పలకలగుట్ట పక్కన ఎర్రచుక్క. అంటే శుక్రవారం నీళ్లు మీకింకా చేరలేదు. అవి చేరేదాకా ఇంకో ట్యాంకరు పంపేదానికి రూలు ఒప్పుకోదు.”

“చేరినాయి సార్. తాగేసినాము గూడా.”

“మీరు తాగినారు. కంప్యూటర్ తాగలా.”

ఆదెమ్మ కంప్యూటర్ వైపు జాలిగా చూసింది. “గొర్లు ఆ గుంటనీళ్లు తాగుతాయి సార్. మా కోడలు గొర్రె కాదు గదా.”

ఏఈ గారు చలించిపోయారు. ఆ చలనంలోనే బాలసుబ్రహ్మణ్యాన్ని పక్కకు పిలిచి, “సింక్ కావడం లేదు. ఫోన్‌లో ఉన్నది కంప్యూటర్‌కు రావడం లేదు. మొత్తం అన్ని ఊళ్లూ ఎర్రగనే ఉండాయి. మీరు చూస్తారా?” అన్నారు. అప్పటికే ఆయన తన వంతు ప్రయత్నాలన్నీ చేసి ఉన్నారు. కంప్యూటర్ పైన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

ట్యాంకరు డ్రైవరు ఆదిశేషును పిలిపించారు. బాలసుబ్రహ్మణ్యం ఓపికగా మొదలుపెట్టాడు. ఫోను ఆపి మళ్లీ వేశాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. కేబుల్ మార్చాడు. ఫోన్‌లో చోటు లేదేమోనని చూస్తే, తిరునాళ్లలో పొట్టేళ్ల పందెం వీడియోలు బోలెడున్నాయి.

“ఇవి తీసేద్దామా శేషూ?”

“ఆ నల్లపొట్టేలు మాదే శెట్టిగారూ. అదొక్కటీ ఉంచండి.”

నల్లపొట్టేలును ఉంచి మిగతావి తీసేశాడు. అయినా చుక్క మారలేదు. రెండింటిలోనూ ఒకే ఖాతా ఉందా అని చూశాడు. ఉంది. ఆఫీసు వైఫై ఉందా అని చూశాడు. అదీ ఉంది. చివరికి కంప్యూటర్ ఏమంటోందో చదువుదామని తప్పు చూపించే కిటికీ తెరిచాడు. అక్కడ ఒకే ఒక వాక్యం ఉంది: ‘భవిష్యత్తు నుంచి వచ్చిన ఫోటోలు స్వీకరించబడవు.’

బాలసుబ్రహ్మణ్యం కళ్లజోడు తుడుచుకుని, తెర కింది మూలన తేదీ చూశాడు. తర్వాత గోడమీద కిరాణా కొట్టు క్యాలెండరు చూశాడు.

“సార్, ఈ కంప్యూటర్ ఎనిమిది రోజులు వెనకుండాది.”

ఏఈ గారు లేచి తలుపు దగ్గరగా వేశారు. “ఉంటాది. నేనే పెట్టినా.”

జరిగింది ఆయన వినయంగానే చెప్పారు. పంతులుగారు పెట్టిన ముహూర్తం సప్తమి గురువారం. ఆ రోజు మంత్రిగారికి మూడు పెళ్లిళ్లు, ఒక పరామర్శ ఉండి రాలేకపోయారు. వచ్చింది ఆ మరుసటి శుక్రవారం. అది అమావాస్య, పైగా వచ్చిన వేళ రాహుకాలం. మంత్రిగారి పీఏ హరిబాబు కారు దిగగానే పంచాంగం చూసి తెల్లబోయాడు. మంత్రిగారు కారులోంచి దిగనన్నారు. బయట జనం, టెంటు, పులిహోర. అటువంటి క్లిష్ట సమయంలో ఏఈ గారికి ఒక ఆలోచన మెరిసింది. కాలం మన చేతుల్లో లేదు గానీ కంప్యూటర్ మన చేతుల్లోనే ఉంది కదా. తేదీ దానంతటదే సరిచేసుకునే వసతిని ఆపేసి, ఎనిమిది రోజులు వెనక్కి తిప్పి, సప్తమి గురువారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు తెచ్చి నిలబెట్టారు. మంత్రిగారు దిగి వచ్చి శుభముహూర్తంలో బటన్ నొక్కారు.

“ఎంత సులువు చేసినారు సార్,” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం మెచ్చుకోలుగా. “ఇప్పుడు మల్లా ముందుకు తిప్పేస్తే సరిపోతాది. రెండు నొక్కులు.”

“తిప్పితే? రికార్డంతా మల్లా అమావాస్యకు పోతాది. మంత్రిగారు రాహుకాలంలో ప్రారంభించినట్టు అయితాది. నాకు ఇంక పదహైదేళ్ల సర్వీసుండాది శెట్టిగారూ.”

హరిబాబుకు ఫోను చేశారు. ఆయన పది నిమిషాల్లో వచ్చాడు. ఎండలో వచ్చి ముందు చలివేంద్రం దగ్గర ఆగి, తాగి, ఆ తర్వాతే లోపలికొచ్చాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

“కుదరదు బాబాయ్. ప్రభుత్వం ఒకసారి వేసిన అడుగు వెనక్కి తీసుకోదు.”

“వెనక్కి గాదు హరిబాబూ. ముందుకే.”

“ముందుకైనా సరే. తీసుకోదు.” కాసేపు ఆలోచించి, “సింక్ అంటే ఏంది బాబాయ్? రెండూ ఒకటిగా ఉండాల. అంతే గదా?” అన్నాడు.

“అంతే.”

“కంప్యూటర్ ఎవరిది?”

“గవర్నమెంటుది.”

“ఫోన్లు ఎవరివి?”

“డ్రైవర్లవి.”

“మరి ఎవరు మారాల?”

దీనికి ఏఈ గారు కూడా ఆశ్చర్యపోయారు. ఇంత చిన్న విషయం తనకెందుకు తట్టలేదని ఆయన నొచ్చుకున్నట్టు కనిపించింది.

ఆ సాయంత్రం ట్యాంకరు డ్రైవర్లంతా బాలసుబ్రహ్మణ్యం దుకాణం ముందు వరస కట్టారు. ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని, అందులో ఉన్న ఫోటోల తేదీలతో సహా, ఎనిమిది రోజులు వెనక్కి తిప్పడమే ఆయన పని. తిప్పిన ఫోన్‌లో వాట్సాప్ ‘మీ తేదీ తప్పు’ అని మొరాయించింది. బంకులో డబ్బు కట్టే యాప్ నోరు తెరవలేదు. హరిబాబు దీనికీ మార్గం చెప్పాడు: ప్రతి డ్రైవరూ రెండు ఫోన్లు పెట్టుకోవాలి. ఒకటి ప్రభుత్వం కోసం, ఒకటి బతకడం కోసం.

ఆదిశేషు వంతు వచ్చింది. తిప్పి ఇచ్చిన ఫోను చేతిలో పట్టుకుని తేదీ వైపు చాలాసేపు చూశాడు.

“ఏంది శేషూ?”

“మా మామ పోయిన మంగళవారం పోయినాడు శెట్టిగారూ. ఈ ఫోన్‌లో ఇంకా బతికే ఉండాడు.”

బాలసుబ్రహ్మణ్యం తన ఫోను కూడా తీసి, తేదీల చోటికి వెళ్లి, అక్కడ చక్రాన్ని వేలితో కొంచెం కదిపాడు. ఎనిమిది రోజులు ఆయనకు ఎందుకూ పనికిరావు. ఆయనకు నాలుగేళ్లు కావాలి. చక్రం అంత దూరమూ తిరుగుతుంది, అదే చిత్రం. ఆయన దాన్ని మళ్లీ ఈ రోజుకు తెచ్చి, ఫోను జేబులో వేసుకుని, తర్వాతి డ్రైవరును పిలిచాడు.

మరునాడు పొద్దునకల్లా కంప్యూటర్ తెర కొర్రపైరులా పచ్చబడింది. ఆ పూటే పలకలగుట్టకు ట్యాంకరు వెళ్లింది. ఆదెమ్మ రెండు డ్రమ్ములూ నిండాయి. కావ్య తలారా స్నానం చేసింది. ట్యాంకరు ఆ పల్లెకు రోజు మార్చి రోజు రాసాగింది. దీనికంతటికీ ప్రభుత్వమే కారణమని బాలసుబ్రహ్మణ్యం నిజంగా సంతోషించాడు. నీళ్లు నీళ్లే. ఏ తేదీన వస్తేనేం?

ఇంతవరకూ అయితే ఇది చెప్పుకోదగ్గ విషయం కాదు. అసలు ఘనత ఆ తర్వాత జరిగింది.

నీళ్లు రాని ఊళ్లవాళ్లు ఫోనులో ఫిర్యాదు చెయ్యడానికి ఒక నంబరుంది. ఆ ఫిర్యాదులు రాజధానిలో ఒక పెద్ద కంప్యూటర్‌లో పడతాయి. దానికి ముహూర్తం పెట్టిన పంతులెవరో గానీ, అది మామూలు తేదీ ప్రకారమే నడుస్తుంది. ఇరవయ్యో తేదీన ఒక ఊరు ఫిర్యాదు చేసేది. ఇరవయ్యో తేదీనే ట్యాంకరు వెళ్లేది. కానీ ఫోటోమీద పన్నెండో తేదీ ఉండేది. నెలాఖరున పెద్ద కంప్యూటర్ రాష్ట్రంలోని అన్ని ఆఫీసులకూ సగటు లెక్క కట్టింది. ఒక చోట ఫిర్యాదు తీరడానికి పదకొండు రోజులు. ఒక చోట ఆరు. మంచి పేరున్న ఒక చోట రెండు. మార్కాపురంలో మైనస్ ఎనిమిది.

రాజధాని నుంచి ఇద్దరు పెద్ద అధికారులు దిగారు. వాళ్లు తెరను ముందునుంచి చూశారు, పక్కనుంచి చూశారు.

“అంటే జనం అడగకముందే నీళ్లిస్తున్నారా?” అని ఒక అధికారి అడిగాడు.

ఏఈ గారు తలవంచుకుని, “ప్రజల నాడి సార్,” అన్నారు.

‘ముందుచూపు పురస్కారం’ అలా వచ్చింది. సభ జూనియర్ కాలేజీ మైదానంలో పెట్టారు. లబ్ధిదారుగా ఆదెమ్మను వేదిక ఎక్కించారు. సాంకేతిక సలహాదారుగా బాలసుబ్రహ్మణ్యానికి శాలువా కప్పారు. రోహిణికార్తె ఎండలో ఉన్ని శాలువా కప్పుకుని ఆయన ఎంతో గౌరవంగా చెమటలు కార్చాడు. మంత్రిగారు మైకు అందుకున్నారు.

“అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మేము జనం అడిగేదానికి ఎనిమిది రోజుల ముందే పెట్టినాము. అంటే మేము అమ్మకన్నా ఎక్కువ.” ఆగి, చప్పట్లు అయ్యాక, ఆదెమ్మ ముందు మైకు పెట్టారు. “చెప్పు పెద్దమ్మా. నీళ్లు ఎప్పుడొచ్చినాయి?”

ఆదెమ్మ ఏఈ గారి వైపు చూసి, నేర్పిన మాట జాగ్రత్తగా అప్పజెప్పింది. “దప్పిక కాకముందే వచ్చినాయి సామీ.”

సభ దద్దరిల్లింది. వేదిక దిగేటప్పుడు ఆమె నెమ్మదిగా వేదికమీది పెద్దలు సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలన్నీ ఏరి కొంగులో మూట కట్టుకుంది. అది చూసి హరిబాబు, “నీటి విలువ తెలిసిన మనిషి,” అని పక్కవాళ్లతో అన్నాడు.

కారెక్కేముందు మంత్రిగారు ఏఈ గారి భుజమ్మీద చెయ్యి వేశారు.

“లక్ష్మీకాంత్, ఎనిమిది రోజులకే రాష్ట్రం అవార్డు వచ్చినాది. ఢిల్లీ అవార్డు రావాలంటే ఎంత కావాల?”

“మీరు ఎంతంటే అంత సార్.”

“తొంభై చెయ్యి.”

ఈసారి బాలసుబ్రహ్మణ్యం సాయం అక్కర్లేకపోయింది. ఏఈ గారు పని నేర్చుకున్నారు. డ్రైవర్లూ నేర్చుకున్నారు. ఆ రాత్రికి రాత్రే కంప్యూటర్, ఫోన్లు, అన్నీ కలిసికట్టుగా తొంభై రోజులు వెనక్కి నడిచాయి. సింక్ ఎక్కడా తప్పలేదు. ఇంత క్రమశిక్షణ సైన్యంలో కూడా చూడం.

ఆ తర్వాత అయిదు రోజులకు చలివేంద్రం దగ్గర మళ్లీ ఆటో ఆగింది. మళ్లీ రెండు ఖాళీ డ్రమ్ములు. ఈసారి ఆదెమ్మ వెనక కావ్య కూడా దిగింది, బిడ్డను చెంగు కింద దాచుకుని. బిడ్డ ఒళ్లంతా ఎర్రగా చెమటకాయలు పేలాయి. కావ్య పెదవులు ఎండి చిట్లాయి.

“మల్లా రాలా సెట్టీ,” అంది ఆదెమ్మ. “గుంట గూడా ఎండిపోయినాది. గొర్లను కంభం చెరువు పక్కకు తోలేసినారు మా ఇంటాయన. మనుషులను ఏ పక్కకు తోలాల?”

బాలసుబ్రహ్మణ్యం ముందు కావ్యను నీడలో కూర్చోబెట్టి, రెండు గ్లాసులు తాగించి, తడిగుడ్డ పిండి బిడ్డ పాదాలకు అద్దాడు. బిడ్డ ఏడుపు ఆపింది. తర్వాత అందరూ రోడ్డు దాటి ఆఫీసులోకి వెళ్లారు.

ఏఈ గారు ఎప్పటిలాగే మర్యాదగా తెర తిప్పి చూపించారు. ఒక్క ఎర్రచుక్క లేదు. పచ్చచుక్కా లేదు. పలకలగుట్ట పేరే లేదు.

“వేసవి పేజీ మూసుకుపోయినాది,” అన్నారు ఏఈ గారు. “వేసవి ట్యాంకర్లు ఏప్రిల్ ఒకటి నుంచే. దానికి ముందు ఆర్డరు ఇయ్యాలంటే కంప్యూటర్ ఒప్పుకోదు.”

“ఇప్పుడు ఏ నెల సార్?” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

ఏఈ గారు వేలితో తెర మూలను చూపించారు. అక్కడ ఫిబ్రవరి ఉంది. ఆయన తల మీద ఏసీ పద్దెనిమిది చూపిస్తోంది. రెండూ ఒకదానికొకటి బాగా సరిపోయాయి.

ఆదెమ్మ ఆ తెరను చూసింది. కిటికీలోంచి బయట తారురోడ్డు మీద లేస్తున్న సెగను చూసింది. మళ్లీ తెరను చూసింది.

“ఇంకా చలికాలమే ఉండాదా నాయనా?”

“ఇంకో నెల ఓపిక పట్టమ్మా. ఎండలు ముదరనీ. ముదరంగనే మొదటి ట్యాంకరు నీకే.”

“సార్,” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం, “ఆదిశేషు ట్యాంకరు ఇక్కడే ఉండాది గదా. ఒక్క ట్రిప్పు ఊరికే తోలితే?”

“నీళ్లు పొయ్యొచ్చు శెట్టిగారూ. ఫోటో ఎక్కడ పెట్టాల?” ఏఈ గారి గొంతులో నిజమైన బాధ ఉంది. “ఫోటో లేని నీళ్లు నీళ్లెట్లయితాయి?”

ముగ్గురూ బిడ్డతో బయటికి వచ్చారు.

వాళ్లు రోడ్డు దాటేసరికి హరిబాబు చలివేంద్రం దగ్గర ఉన్నాడు. చొక్కా వెన్నుకు అంటుకుపోయింది. ఒక గ్లాసు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. మూతి తుడుచుకుని, “చల్లంగుండాయి బాబాయ్, ఫ్రిజ్జు నీళ్లు ఎందుకూ పనికిరావు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “ఢిల్లీ వాళ్లు వస్తున్నారు. మంత్రిగారితో ఇంకో అర్ధగంటలో ఈ దారినే పోతారు. ఈ కుండ కొంచెం లోపల పెట్టండి.”

“కుండ ఏం చేసినాది హరిబాబూ?”

“ఫిబ్రవరిలో చలివేంద్రం ఏందని అడుగుతారు గదా.”

“నిజమే,” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

ఆయన కుండమీద మూత సర్ది, తడిగుడ్డ గట్టిగా బిగించాడు. ఒక పక్క ఆటో అబ్బాయిని పట్టుకోమని, ఇంకో పక్క తాను పట్టి, కుండను నెమ్మదిగా ఎత్తాడు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. తర్వాత దుకాణం వైపు కాకుండా అటు తిరిగి, కావ్య కూర్చున్న ఆటో లోపల, రెండు ఖాళీ డ్రమ్ముల మధ్య దాన్ని ఒదిగించాడు. స్టీలు గ్లాసు కూడా ఆదెమ్మ చేతికిచ్చాడు.

“లోపల పెట్టినా హరిబాబూ.”

“థాంక్యూ బాబాయ్,” అన్నాడు హరిబాబు, అప్పటికే ఇంకో ఫోనులో మాట్లాడుతూ.

ఆటో పలకలగుట్ట దారి పట్టింది. మూలమీది గుంతలో అది ఒక్కసారి ఎగిరేసరికి కుండ తొణికింది. నాలుగు చుక్కలు ఫోనుకు తెలియకుండానే నేలమీద పడ్డాయి.